బొమ్మ మీద సూప్ పోశారన్న వార్త వస్తే మంచిచెడ్డలు ఎలా తూచాలి

మా అక్క కూతురు గుంటూరులో డిగ్రీ చదువుతోంది. కాలేజీలో డిబేట్ పెట్టారట. వాతావరణం పేరు చెప్పి మ్యూజియంలోని చిత్రాల మీద సూప్‌లూ రంగులూ పోయడం న్యాయమేనా అన్నది అంశం. "ఏ పక్షం తీసుకోమంటావు పిన్నీ?" అని ఫోన్ చేసింది. పక్షం తర్వాత తేల్చుకోవచ్చు, ముందు అలాంటి పనిని ఎలా విడదీసి చూడాలో తెలుసుకో అన్నాను. ఫోన్‌లో చెప్పింది చాలదనిపించి ఇలా రాస్తున్నాను.

నేను లండన్‌లో పటాలు కట్టే పని చేస్తాను. మా నాన్నకి తెనాలిలో పటాల షాపు ఉండేది. అద్దం కోయడం, బీడింగ్ మూలలు కలపడం అక్కడే నేర్చుకున్నాను. అందుకే ఇలాంటి వీడియో ఏది వచ్చినా నా కళ్లు ముందు అద్దం మీదికి, ఫ్రేము మీదికి పోతాయి. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ముందు అద్దం సంగతి కనుక్కోండి

వీడియో బయటికి రాగానే రెండు మాటలు వినిపిస్తాయి. కోట్ల విలువైన చిత్రాన్ని నాశనం చేశారని కొందరంటారు. అద్దం ఉంది కదా, ఏమీ కాలేదని ఇంకొందరంటారు. రెండింటినీ అలాగే నమ్మేయకండి.

2022 అక్టోబర్ 14న లండన్ నేషనల్ గ్యాలరీలో, వాతావరణం కోసం పోరాడే 'జస్ట్ స్టాప్ ఆయిల్' బృందానికి చెందిన ఫీబీ ప్లమర్, అన్నా హాలండ్ రెండు డబ్బాల టమాటా సూప్‌ని వాన్ గో 1888లో వేసిన 'పొద్దుతిరుగుడు పూలు' చిత్రం మీదికి విసిరారు. తర్వాత చేతులకి జిగురు రాసుకుని కింద గోడకి అతికించుకున్నారు. ఇద్దరి వయసూ ఇరవై, ఇరవై ఒకటి. చిత్రం ముందు అద్దం ఉంది. శుభ్రం చేసి అదే రోజు మళ్లీ గోడకి తగిలించారు. కాబట్టి చిత్రం నాశనమైందన్న మాట అబద్ధం.

ఇక రెండో మాట. ఆ చిత్రానికున్న ఫ్రేము 17వ శతాబ్దపు ఇటాలియన్ ఫ్రేము. దానికి జరిగిన నష్టం 10,000 పౌండ్ల దాకా ఉంటుందని లెక్క కట్టారు. "ఫ్రేమే కదా" అని చాలామంది తేలిగ్గా అనేశారు. నాకు ఆ మాట చాలా బాధ కలిగించింది. పాత ఫ్రేములో చెక్క మీద సుద్ద, జిగురు కలిపిన పొర వేస్తారు. దాని మీద బంగారు రేకు అతుకుతారు. తడి తగిలితే సుద్ద పొర ఉబ్బుతుంది, రేకు లేచిపోతుంది. అందులోనూ టమాటా పులుపు. ఆ పూత నిండా మూడు వందల ఏళ్లనాటి ఎవరో పనివాడి చేతి పని ఉంది. అతని పేరు ఎవరికీ తెలియదు కాబట్టి అతని పనిని లెక్కలోంచి తీసేయకూడదు.

అద్దం గురించి ఇంకో విషయం. ఫ్రేము లోపలి అంచున చిన్న గాడి ఉంటుంది. అద్దం ఆ గాడిలో కూర్చుంటుంది. దాని వెనక సన్నటి పట్టీ, ఆ వెనక కాన్వాస్. పైనుంచి కారినదంతా జారి వచ్చి కింది గాడిలోనే చేరుతుంది. అక్కడ వెంట్రుకంత సందు దొరికితే చాలు, తడి అద్దం వెనక్కి దిగి పైకి కూడా పాకుతుంది. గోడ చెమ్మకి అద్దానికి అతుక్కుపోయిన పెళ్లి ఫోటోలు మన ఇళ్లలో ఎన్ని ఉంటాయో! వాటిని విడదీసి ఇమ్మని నాన్న దగ్గరికి తెచ్చేవాళ్లు. గోరువెచ్చటి నీళ్లతో ఎంత నెమ్మదిగా తీసినా, ఎక్కడో ఒకచోట పెళ్లికూతురి చెంప అద్దంతో పాటే ఊడి వచ్చేది. ఎదురుగా పడే దుమ్ము, చెయ్యి, వేడి గాలి అద్దానికి లెక్క కాదు. అంచున దిగే తడి దగ్గర మాత్రం దాన్ని పూర్తిగా నమ్మలేం. పెద్ద మ్యూజియంలు అంచుల్ని చాలా జాగ్రత్తగా మూస్తాయి, నిజమే. కానీ ఏ పటానికి అంచు ఎంత గట్టిగా మూశారో బయట నిలబడినవాళ్లకి తెలియదు. సూప్ విసిరినవాళ్లకీ తెలియదు. ఈ కేసులో తీర్పు చెప్పిన జడ్జి కూడా ఈ ప్రమాదాన్నే ఎత్తి చూపాడు.

కాబట్టి మీరు అడగాల్సిన ప్రశ్నలు ఇవి. అద్దం ఉందని వాళ్లకి ముందే తెలుసా? ఏం వాడారు? చేతికి జిగురా, ద్రవమా, సుత్తా? అదే సంవత్సరం జూలై 4న ఆ బృందంవాళ్లే ఇద్దరు కాన్‌స్టబుల్ వేసిన 'హే వేన్' చిత్రం మీద తాము అచ్చు వేసి తెచ్చిన వేరే బొమ్మ అతికించారు. దానికి ముందు అద్దం లేదు. ఫ్రేముకీ, చిత్రం మీది వార్నిష్‌కీ కొద్దిపాటి నష్టం జరిగిందని గ్యాలరీ చెప్పింది. వీడియోలో చూస్తే సూప్ ఘోరంగా, కాగితం మెత్తగా కనిపిస్తాయి. నా లెక్కలో కాగితం పనే ఎక్కువ తప్పు. ఎందుకంటే అక్కడ చిత్రానికీ చేతికీ మధ్య ఏ అడ్డూ లేదు. 2023 నవంబర్‌లో వెలాస్కెజ్ 'రోక్బీ వీనస్' అద్దాన్ని సుత్తులతో పగలగొట్టారు. చిత్రానికి పెద్దగా దెబ్బ తగల్లేదు. అయినా గాజు ముక్క ఎటు ఎగురుతుందో కొట్టేవాడి చేతిలో ఉండదు. దాన్ని నేను సమర్థించలేను.

తర్వాత దారం పట్టుకుని వెళ్లండి

అడుగుతున్న డిమాండ్‌కీ, ఎంచుకున్న చిత్రానికీ మధ్య ఏదైనా దారం ఉందా? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇది. దీని మీద ఎక్కువ సమయం పెట్టండి.

వియన్నాలో 2022 నవంబర్ 15న 'లాస్ట్ జనరేషన్' అనే వాతావరణ పోరాట బృందం ఆస్ట్రియా విభాగంవాళ్లు లియోపోల్డ్ మ్యూజియంలో క్లిమ్ట్ వేసిన 'మృత్యువు, జీవితం' అద్దం మీద నల్లటి జిడ్డు ద్రవం పోశారు. ఆ రోజు మ్యూజియంలోకి అందరికీ ఉచిత ప్రవేశం. దానికి స్పాన్సర్ ఓఎంవీ అనే చమురు, గ్యాస్ కంపెనీ. ఇక్కడ దారం కనిపిస్తోంది. చమురు డబ్బుతో మంచి పేరు కొనుక్కుంటున్న చోట, అదే రోజు, చమురులా కనిపించేది పోశారు. పోయడం నాకు ఇష్టం లేదు. కానీ వాళ్లేం చెబుతున్నారో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

పెర్త్‌లో జరిగింది ఇంకా లోతైనది. 2023 జనవరిలో ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ వెస్టర్న్ ఆస్ట్రేలియాలో ఫ్రెడరిక్ మెకబిన్ 1889లో వేసిన 'డౌన్ ఆన్ హిజ్ లక్' ముందున్న ప్లాస్టిక్ షీటు మీద వుడ్‌సైడ్ అనే గ్యాస్ కంపెనీ లోగోని పసుపు రంగుతో స్ప్రే చేశారు. చిత్రానికి ఏమీ కాలేదు. ఎందుకు చేశారంటే, ఆ రాష్ట్రంలోనే బర్రప్ ద్వీపకల్పంలో మురుజుగ అనే చోట అక్కడి ఆదివాసుల పూర్వీకులు రాళ్ల మీద చెక్కిన బొమ్మలు పది లక్షల దాకా ఉన్నాయి. వాటిలో కొన్ని నలభై వేల ఏళ్లు దాటినవని చెబుతారు. వాటి పక్కనే గ్యాస్ ప్లాంట్లు. పొగలోని ఆమ్లం రాతి పైపొరని తినేస్తుందన్న ఆందోళన చాలా కాలంగా ఉంది. 130 ఏళ్లనాటి చిత్రం ముందు ప్లాస్టిక్ మీద రంగు పడితే ఇంత గోల చేస్తున్నారే, వేల ఏళ్లనాటి చిత్రాల పక్కన పొగ వదిలితే ఎందుకు మాట్లాడరు అని అడిగారు. ఈ ప్రశ్నకి నేను ఎంత ఆలోచించినా ఎదురు జవాబు దొరకలేదు. ఆ పని చేసినామెకి పడిన జరిమానా 2,637 ఆస్ట్రేలియన్ డాలర్లు.

ఇప్పుడు పొద్దుతిరుగుడు పూల దగ్గరికి రండి. బ్రిటన్‌లో కొత్త చమురు, గ్యాస్ లైసెన్సులు ఇవ్వొద్దన్నది డిమాండ్. వాన్ గోకి అందులో ఏ పాత్రా లేదు. దారం లేకపోవడమే మా వాదన అని వాళ్లంటారు. ఆ వాదనని తీసిపారేయకుండా దాని పూర్తి బలంతో వినండి. బొమ్మ మీద సూప్ పడగానే మీ గుండె ఒక్కసారి కలుక్కుమంది కదా, నిజంగా కాలిపోతున్న అడవికీ మునిగిపోతున్న ఊరికీ అలా ఎందుకు అనదు అని వాళ్ల ప్రశ్న. కళ ఎక్కువా ప్రాణం ఎక్కువా అని ప్లమర్ గోడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని అరిచింది దీని గురించే. డిబేట్‌లో అవతలి పక్షంవాళ్లు దీన్ని ఎగతాళి చేస్తే మార్కులు రావచ్చు, జవాబు మాత్రం చెప్పినట్టు కాదు.

నా జవాబు ఇది. కలుక్కుమన్న ఆ గుండె ఎవరిది? బొమ్మలంటే ప్రాణం ఉన్నవాళ్లది. వాళ్లు మామూలుగా చెట్టన్నా నదన్నా కూడా బాధపడేవాళ్లే. లైసెన్సు మీద సంతకం పెట్టేవాడికి ఆ నొప్పి చేరదు. తన పక్కన నిలబడగలిగినవాళ్లని నొప్పించి, నొప్పించాల్సినవాళ్లని వదిలేసిన పోరాటం గురి తప్పినట్టే.

గురి తప్పకుండా చేసినవాళ్లూ ఉన్నారు. మీ వాదనలో వాళ్ల గురించి తప్పకుండా చెప్పండి. 2010 నుంచి 'లిబరేట్ టేట్' అనే బృందం లండన్ టేట్ గ్యాలరీ బీపీ చమురు కంపెనీ డబ్బు తీసుకోవడానికి వ్యతిరేకంగా పనిచేసింది. ఒకసారి గ్యాలరీ వేసవి విందులో నల్లటి మొలాసిస్ (చెరకు మడ్డి) ఒలకబోశారు. 2012లో 16.5 మీటర్ల గాలిమర రెక్కని టేట్ మోడర్న్‌లోకి మోసుకొచ్చి ఇది మా కానుక అని వదిలి వెళ్లారు. ఒక్క చిత్రం జోలికీ పోలేదు. 2016లో బీపీ ఆ స్పాన్సర్‌షిప్ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కారణంగా వ్యాపార పరిస్థితులు చూపించింది. సరే, ఏం చెప్పినా ఒప్పందం మాత్రం ముగిసింది. అమెరికాలో నాన్ గోల్డిన్ అనే ఫోటోగ్రాఫర్‌ది వాతావరణం పోరాటం కాదు, మత్తు కలిగించే నొప్పి మాత్రల మీద పోరాటం. ఆ మాత్రలమ్మి సంపాదించిన సాక్లర్ కుటుంబం పేరు పెట్టుకున్న మెట్రోపాలిటన్ మ్యూజియం హాల్లోనే 2018లో ఖాళీ మందు సీసాలు నీళ్లలోకి విసిరించింది. 2021లో మెట్ ఆ పేరు తీసేసింది. ఇద్దరూ మ్యూజియంనే వేదిక చేసుకున్నారు. కానీ నిలదీసింది బొమ్మని కాదు, చందా రసీదుని.

భారం ఎవరి నెత్తిన పడింది?

మన దగ్గర 1921లో చీరాల పేరాలవాళ్లు మున్సిపాలిటీ పన్నుల మీద పోరాడినప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద సొంత ఇళ్లు వదిలి ఊరి బయట రామనగర్‌లో పాకలు వేసుకుని సుమారు 11 నెలలు ఉన్నారు. ఎండా వానా వాళ్లే పడ్డారు. ఏ నిరసన వార్త చూసినా నాకు ఆ పాకలు గుర్తొస్తాయి. కష్టం ఎవరి మీద వేసుకున్నారు అన్నది చూడాలి.

సూప్ కేసులో ఆ ఇద్దరూ పారిపోలేదు. పోలీసులు వచ్చేదాకా గోడకి అతుక్కునే ఉన్నారు, జైలుకీ వెళ్లారు. అంతవరకు వాళ్లని గౌరవించాలి. మిగతా భారం మాత్రం వేరేవాళ్ల మీద పడింది. గది కాపలా ఉద్యోగి, నేల తుడిచే మనిషి, ఫ్రేము మరమ్మతు చేసేవాళ్లు, సందర్శకులు. ఇలాంటివి వరుసగా జరిగాక 2024 అక్టోబర్ 18 నుంచి నేషనల్ గ్యాలరీలోకి పసిపిల్లల పాలు, డాక్టర్ రాసిన మందులు తప్ప ద్రవం ఏదీ తీసుకెళ్లనివ్వడం లేదు. అది టికెట్ లేకుండా ఎవరైనా లోపలికి వెళ్లగల గ్యాలరీ. జేబులో డబ్బుల్లేని రోజుల్లో నాలాంటివాళ్లు గంటలకొద్దీ కూర్చున్న చోటు. ఇప్పుడక్కడ చిన్నపిల్లల టీచర్లు నీళ్ల సీసాలు బయట పెట్టించి బ్యాగులు విప్పి చూపించాలి. చమురు కంపెనీకి ఇందులో ఒక్క పైసా నష్టం లేదు.

రోమ్‌లో 2023 మే నెలలో ట్రెవీ ఫౌంటెన్ నీళ్లలో బొగ్గు కలిపి నల్లగా చేశారు. కడగడానికి 3 లక్షల లీటర్ల నీళ్లు పారబోయాలని నగర మేయర్ చెప్పాడు. దీని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఫలితాన్ని జాగ్రత్తగా వాడండి

"దీనివల్ల జనం దూరమయ్యారు" అని ఒక పక్షం, "దీనివల్లే అందరూ మాట్లాడుకున్నారు" అని ఇంకో పక్షం. అమెరికాలో అనెన్‌బర్గ్ పబ్లిక్ పాలసీ సెంటర్ 2022లో చేసిన సర్వేలో ఇలాంటి పనులు తమ మద్దతుని తగ్గిస్తాయని 46 శాతం, పెంచుతాయని 13 శాతం చెప్పారు. మరోవైపు అదే సంవత్సరం లండన్ చుట్టూ ఉన్న ఎం25 రోడ్డుని జస్ట్ స్టాప్ ఆయిల్ అడ్డుకున్న తర్వాత, మెతకగా పనిచేసే 'ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్' సంస్థ వైపు జనం మొగ్గు కొంత పెరిగిందని ఒక అధ్యయనం చూపింది. అది రోడ్డు గురించి, బొమ్మల గురించి కాదు. దాన్ని తెచ్చి ఇక్కడ అతికించకండి. 2025 మార్చిలో జస్ట్ స్టాప్ ఆయిల్ ఇక వీధి పోరాటాలు ఆపుతున్నామని ప్రకటించింది. కొత్త లైసెన్సులు ఇవ్వకూడదన్న తమ డిమాండ్ ప్రభుత్వ విధానం అయిందని చెప్పుకుంది. ఆ విధానం సూప్ వల్ల వచ్చిందని ఎవరూ రుజువు చేయలేరు, రాలేదనీ చేయలేరు. న్యాయం అవునా కాదా అన్నది ఫలితం ఒక్కదాని మీదే నిలబెడితే మీ వాదన ఎదుటివాళ్ల ఇంకో అంకెతో కూలిపోతుంది.

శిక్షని విడిగా తూచండి

పని తప్పు అనగానే ఎంత శిక్ష వేసినా సరే అనుకునేవాళ్లు ఉంటారు. అది వేరే ప్రశ్న. 2024 సెప్టెంబర్ 27న ప్లమర్‌కి 2 ఏళ్లు, హాలండ్‌కి 20 నెలలు జైలు వేశారు. 2025 మార్చిలో అప్పీలు కోర్టు వాటిని తగ్గించలేదు. హేగ్‌లో వెర్మీర్ 'ముత్యం చెవిపోగు అమ్మాయి' అద్దానికి తల అతికించుకున్న కేసులో మొదట వేసింది 2 నెలలు, అందులో సగం అమలు చేయకుండా నిలిపి ఉంచారు. 1914లో మేరీ రిచర్డ్‌సన్ మహిళల ఓటు హక్కు కోసం, ఆ ఉద్యమ నాయకురాలు ఎమెలీన్ పాంక్‌హర్స్ట్ అరెస్టుకి నిరసనగా, ఇదే నేషనల్ గ్యాలరీలో రోక్బీ వీనస్‌ని మాంసం కోసే కత్తితో నిజంగానే చీల్చేసింది. ఆమెకి పడింది 6 నెలలు. కాన్వాస్ చీల్చినదానికి 6 నెలలు, ఫ్రేము పాడు చేసినదానికి 2 ఏళ్లు! ఫ్రేములే నా బతుకు, ఆ ఫ్రేము కోసం నిజంగా బాధపడ్డాను. అయినా అంత చిన్న వయసువాళ్లని రెండేళ్లు జైల్లో పెట్టడం అన్యాయమనే అంటాను. నష్టపరిహారం కట్టించి, ఆ మరమ్మతు గదిలోనే కొన్ని నెలలు పనిచేయమని ఉంటే న్యాయంగా ఉండేది. పైగా భయపెట్టడానికి వేశారనుకున్నా పనిచేయలేదు. శిక్ష పడిన రోజే ఇంకో ముగ్గురు వెళ్లి అదే చిత్రం మీద, పక్కన అమెరికా నుంచి అరువు తెచ్చిన ఇంకో పొద్దుతిరుగుడు చిత్రం మీద మళ్లీ సూప్ పోశారు.

మ్యూజియంలని కూడా బోనులో నిలబెట్టండి

2022 నవంబర్‌లో ప్రపంచవ్యాప్తంగా 92 మంది మ్యూజియం అధిపతులు ఒక ప్రకటన చేశారు. ఈ వస్తువులు ఎంత సున్నితమైనవో కార్యకర్తలకి అర్థం కావడం లేదని అందులో అన్నారు. ఆ మాట నేను నూటికి నూరు పాళ్లూ ఒప్పుకుంటాను. కానీ ఆ వస్తువులకి వచ్చే ముప్పు సూప్ డబ్బా ఒక్కటే కాదు కదా. 2016లో సీన్ నది పొంగినప్పుడు పారిస్‌లోని లూవ్ర్‌ని మూసి, నేలమాళిగల్లోని వస్తువుల్ని హడావుడిగా పైకి మోశారు. వరద భయంతోనే దూరంగా లియేవాన్ అనే ఊళ్లో భద్రపరిచే కేంద్రం కట్టి 2019లో తెరిచారు. వాతావరణం చెడితే ముందు దెబ్బ తినేవాటిలో చెక్క, గుడ్డ, కాగితం, జిగురు ఉంటాయని పటాలు కట్టే ఎవరినడిగినా చెబుతారు. మరి 2023 డిసెంబర్‌లో బ్రిటిష్ మ్యూజియం బీపీ నుంచి పదేళ్లలో 5 కోట్ల పౌండ్లు తీసుకోవడానికి ఎలా ఒప్పుకుంది? సున్నితమైన వస్తువుల కాపలాదారు అన్నది నిజమైతే ఆ చెక్కు మీద కూడా వణుకు రావాలి.

ఇంతకీ పక్షం సంగతి. డిబేట్‌లో "అవును" లేదా "కాదు" అనక తప్పదు కాబట్టి కాదు అనే వైపే నిలబడమని మా అమ్మాయికి చెప్పాను. కానీ సూప్ పోసినవాళ్లు పిచ్చివాళ్లనీ, వాతావరణం భయం బూటకమనీ ఒక్క మాట కూడా దొర్లకూడదన్నాను. పెర్త్ ఉదాహరణ ఎదుటివాళ్ల నోటి నుంచి వచ్చేలోపు నువ్వే చెప్పి, దానికి నీ దగ్గర జవాబు లేదని ఒప్పుకో అన్నాను. తర్వాత టేట్ గాలిమర రెక్క గురించి చెప్పమన్నాను. నాలుగు నిమిషాల్లో మూడు వీటికే సరిపోతాయి, మిగతా నిమిషం ఫ్రేముకి ఇవ్వమన్నాను.

డిబేట్‌తో పనిలేనివాళ్లు మ్యూజియంకి వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర స్పాన్సర్ల పేర్లున్న బోర్డు చదవండి. చాలామంది దాన్ని దాటేసి లోపలికి పోతారు. అందులో చమురు కంపెనీ పేరుంటే సందర్శకుల పుస్తకంలోనో, ఈమెయిల్‌లోనో ఆ డబ్బు ఎందుకు తీసుకుంటున్నారని మ్యూజియంవాళ్లని అడగండి, జవాబు ఇచ్చేదాకా మళ్లీ మళ్లీ అడగండి.